పెన్నేరు గడ్డకు ఎంత ఎరువు? బరువుతో పాటు మందు గుణం తగ్గకుండా సాగు చేసే పద్ధతి

పెన్నేరు గడ్డ కొనడానికి వచ్చే వ్యాపారి ముందు చేసే పని వేరు విరిచి చూడటం. పటుక్కున విరిగి లోపల పిండిలా తెల్లగా ఉంటే తల ఊపుతాడు. అదే సరుకు సారం తీసే కంపెనీకి పోతే అక్కడ ఎవరూ విరవరు. పొడి కొట్టి ల్యాబుకు పంపి, విథనోలైడ్లు, అంటే ఈ వేరుకు మందు గుణం ఇచ్చే పదార్థాలు, ఎంత శాతం ఉన్నాయో చూస్తారు. ఒక పరీక్షలో పాసైన వేరు రెండోదాంట్లో ఫెయిల్ కావచ్చు. నాకు అలాగే అయింది.

మాది అనంతపురం జిల్లాలో ఎర్ర గరప నేల. ఒక ఏడు చేనులో ఒక చెక్కకు చెరువు మట్టి తోలి, పైన యూరియా కూడా రెండుసార్లు చల్లాను. మొక్కలు మోకాలు దాటి ఏపుగా, ముదురు పచ్చగా లేచాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూసి పోయారు. వేర్లు తవ్వితే మిగతా చేనుకన్నా లావు, బరువు. ల్యాబు కాగితం వచ్చాక తెలిసింది, ఆ చెక్క వేరులో విథనోలైడ్ల శాతం పక్క చెక్కల కంటే తక్కువని. ధర కోశారు. తప్పు నాదే, ఎవర్నీ అనేది లేదు. అప్పటినుంచి ఔషధ మొక్కకు ఎరువు వేసే ముందు ఏం చూసుకోవాలో ఒక వరుస పెట్టుకున్నాను. అశ్వగంధ పేరుతో మార్కెట్లో నడిచే ఈ పెన్నేరు గడ్డనే ఉదాహరణగా తీసుకుని ఆ వరుస చెబుతాను. వేరే పంట వేసేవాళ్లకు ఎక్కడ తేడా వస్తుందో మధ్యలో చెబుతూ పోతాను.

మొదటి అడుగు: మీరు అమ్మేది ఏ పదార్థం, అందులో నత్రజని ఉందా?

ఎరువుల లెక్క ఇక్కడ మొదలు కావాలి. మొక్కలో మందుగా పనిచేసే పదార్థాలు స్థూలంగా రెండు రకాలు. అణువులో నత్రజని ఉన్నవి ఒక రకం. ఆల్కలాయిడ్లు ఈ జాతివి. బిళ్లగన్నేరులోని విన్‌క్రిస్టిన్ ఒక్కో అణువులో నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. సర్పగంధలోని రెసర్పిన్ కూడా ఈ గుంపుదే. రెండో రకంలో కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే ఉంటాయి. పెన్నేరులోని విథనోలైడ్లలో ఒకటైన విథాఫెరిన్-ఏ అణువులో 28 కర్బన, 38 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు. నత్రజని ఒక్కటీ లేదు. నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్, పసుపులోని కుర్కుమిన్ కూడా అంతే.

దీన్ని ప్రకాశం జిల్లా పొగాకు రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నత్రజని ఎక్కువైతే ఆకు ముదరదు, పండదు, నికోటిన్ పెరుగుతుంది అని అతనికి అనుభవంలోనే తెలుసు. నికోటిన్ అణువులో రెండు నత్రజనులు ఉన్నాయి మరి. బిళ్లగన్నేరుకూ నత్రజని బాగా అందితే ఆల్కలాయిడ్లు పెరిగే వైపే ఉంటుంది.

కర్బనంతో తయారయ్యే రెండో రకం పదార్థాల దారి వేరు. నత్రజని దండిగా దొరికితే మొక్క తను తయారుచేసుకున్న పిండి పదార్థాన్ని కొత్త ఆకు, కొత్త కాడ కట్టుకోవడానికి ఖర్చుపెడుతుంది. నత్రజని కొంచెం తక్కువైతే ఎదుగుదల నెమ్మదిస్తుంది కానీ, ఎండ ఉన్నంతసేపు ఆకు కర్బనాన్ని పోగుచేస్తూనే ఉంటుంది. అలా మిగిలింది రక్షణ పదార్థాలకు పోతుంది. 1983లో బ్రయంట్, చాపిన్, క్లైన్ అనే ముగ్గురు ఈ ఆలోచనను ఒక సిద్ధాంతంగా పెట్టారు. వాళ్లు ఆలోచించింది మంచు దేశాల చెట్ల గురించి, వాటిని మేసే జంతువుల గురించి. మన మెట్ట చేను వాళ్ల ఊహలో ఉండి ఉండదు. తర్వాత చాలామంది దాన్ని విమర్శించారు కూడా, అన్ని మొక్కలూ ఆ లెక్కకు లొంగవని. అందుకే నేను దాన్ని దారి చూపే గుర్తుగానే వాడతాను. తీర్పు నా చేను చెప్పాలి. అది ఎలా చెప్పించాలో ఐదో అడుగులో ఉంది.

ఇంకొక మెలిక ఉంది. నత్రజని లేని పదార్థం కదా, నత్రజనే వద్దు అనుకుంటే మోసపోతాం. ఆ పదార్థాన్ని తయారుచేసే ఎంజైములు ప్రొటీన్లు, వాటికి నత్రజని కావాలి. పిండి వండే ఆకుకూ కావాలి. ఆకలితో ఉన్న మొక్కలో శాతం బాగుండొచ్చు. తవ్వితే పుల్లలు వస్తాయి.

రెండో అడుగు: శాతం పడిపోవడం రెండు రకాలని తెలుసుకోండి

నా చెక్కలో శాతం తగ్గింది. అంటే మొక్క మందు తయారీ తగ్గించిందా, లేక అంతే తయారుచేసినా వేరులో పిండి పెరిగి పలచబడిందా? చిటికెడు ఉప్పునే చిన్న గిన్నెలో కాకుండా పెద్ద కుండలో కలిపితే రుచి తగ్గినట్టు. రెండూ ఒకటి కాదు. పలచబడిన చేనులో ఎకరాకు వచ్చే మొత్తం మందు తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు. తయారీయే తగ్గితే ఎకరా మొత్తం కూడా తగ్గుతుంది. కాబట్టి ప్రతిసారీ రెండు అంకెలు రాసుకోవాలి: శాతం ఎంత, ఎకరాకు మొత్తం ఎంత. వేరు బరువును శాతంతో గుణించి 100తో భాగిస్తే రెండోది వస్తుంది.

విరిచి చూసే వ్యాపారికి పిండి నిండిన లావు వేరు కావాలి. ల్యాబు చూసే కంపెనీకి శాతం కావాలి. విత్తే ముందే ఎవరికి అమ్ముతారో తేల్చుకోండి. ఎరువు లెక్క దాన్నిబట్టి మారుతుంది.

మూడో అడుగు: మట్టి పరీక్ష

అందరూ చెప్పేదే, అందరూ సరిగా చేయనిదే. చేనులో ఎనిమిది పది చోట్ల, గట్ల పక్కన, చెట్ల నీడలో, పాత పెంటకుప్ప ఉన్న చోట కాకుండా, వి ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, ఒక పక్కనుంచి పైనుంచి కిందిదాకా పలచగా మట్టి చెక్కండి. అంతా గోనెపట్టా మీద కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేయండి. అర కిలో మిగిలేదాకా ఇదే. నీడలో ఆరబెట్టండి. మనది వేరు పంట కాబట్టి మూరెడు లోతు మట్టి ఇంకొక నమూనా విడిగా తీస్తే మంచిది. కింద గులక తగిలినా, సున్నపు పొర తగిలినా అప్పుడే తెలిసిపోతుంది.

మట్టి పరీక్ష కార్డు వచ్చాక ముందు అది ఎకరా లెక్కా, హెక్టారు లెక్కా చూడండి. హెక్టారుకు దాదాపు రెండున్నర ఎకరాలు. ఇది చూడక తప్పు ఎరువు వేసినవాళ్లు చాలామంది ఉన్నారు. హెక్టారుకు లభ్య నత్రజని 280 కిలోలలోపు ఉంటే తక్కువ కింద లెక్క. సేంద్రియ కర్బనం 0.5 శాతం దాటకపోతే తక్కువ. జింకు 0.6 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు అని లెక్క) లోపు, గంధకం 10 పీపీఎం లోపు ఉంటే లోపం.

మా వైపు చేలల్లో ఒకటి తరచుగా కనపడుతుంది. వేరుశనగకు ఏళ్ల తరబడి డీఏపీ పోసి పోసి భాస్వరం "ఎక్కువ" అని, జింకు "తక్కువ" అని కార్డు వస్తుంది. ఈ రెండూ కలిసి రావడం కాకతాళీయం కాదు. భాస్వరం మరీ ఎక్కువైన చోట మొక్కకు జింకు సరిగా అందదు. అలాంటి చేనుకు మళ్లీ డీఏపీ బస్తా మోసుకుపోవడం దండగ.

జింకు గురించి ఇంకొక మాట, ఇది మందు మొక్కకే ప్రత్యేకం. వేరుకు జింకునూ, కాడ్మియం అనే విష లోహాన్నీ విడదీసి చూసే శక్తి పెద్దగా లేదు. జింకు, ఇనుము వెళ్లే దారుల్లోనే కాడ్మియం కూడా లోపలికి దూరుతుంది. జింకు లేని నేలలో ఆ దారులు మొక్క ఇంకా బార్లా తెరుస్తుంది. ఆయుర్వేద సరుకులో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం దాటకూడదని పరిమితులు ఉన్నాయి. భాస్వరం ఎరువుల్లో ముడి రాయిని బట్టి కొంత కాడ్మియం ఉంటుంది. పట్టణపు చెత్త కంపోస్టులో సీసం ఉండొచ్చు. విథనోలైడ్ బ్రహ్మాండంగా వచ్చినా కాడ్మియం 0.4 వస్తే లోడు వెనక్కి వస్తుంది. ఊరి పశువుల ఎరువు దొరుకుతుంటే టౌను కంపోస్టు జోలికి నేను పోను.

నాలుగో అడుగు: ఏది, ఎంత, ఎప్పుడు

పోషకాలు వేరు దగ్గరికి చేరే దారులు వేరువేరు. నైట్రేట్ రూపంలోని నత్రజని, కాల్షియం నీళ్లతో పాటు నడిచి వస్తాయి. భాస్వరం అంతగా కదలదు, వేరు తనే దాని దగ్గరికి పోవాలి. అందుకే భాస్వరాన్ని చివరి దుక్కిలో కింద పడేలా వేయాలి, పైన చల్లితే అక్కడే ఉంటుంది. పొటాష్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. మైకోరైజా అనే శిలీంధ్రం పోగులు వేరుకు పొడుగు చేతుల్లా పనిచేసి దూరపు భాస్వరాన్ని అందిస్తాయి. భాస్వరం దండిగా వేసిన చేనులో మొక్క ఆ స్నేహాన్ని పెద్దగా పట్టించుకోదు. మైకోరైజా ప్యాకెట్టు కొనే ముందు మట్టి కార్డు చూడమనేది అందుకే.

అశ్వగంధ పెద్ద తిండిపోతు కాదు. తక్కువ సారం ఉన్న నేలలో ఎకరాకు నా లెక్క ఇది. బాగా చివికిన పశువుల ఎరువు 4 టన్నులు, భాస్వరం 10 కిలోలు, నత్రజని 6 కిలోలు. పచ్చి పేడ వద్దు. పచ్చి ఎరువు ముద్దలు తగిలిన చోట వేరు చీలి కోడికాలులా తయారవుతుంది, చెదలు కూడా వస్తాయి.

భాస్వరానికి నేను సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వాడతాను. 16 శాతం భాస్వరం కాబట్టి 10 కిలోలకు 62 కిలోల సూపర్ కావాలి. దానితోపాటు 11 శాతం లెక్కన ఏడు కిలోల గంధకం ఉచితంగా వస్తుంది. డీఏపీ అయితే 22 కిలోలు చాలు, మోత తక్కువ, కానీ గంధకం రాదు, పైగా నాలుగు కిలోల నత్రజని మొదటిరోజే పడిపోతుంది. నేనైతే నత్రజని చేతిలో పెట్టుకుని అదునుచూసి వేయడమే ఇష్టపడతాను. కార్డులో భాస్వరం ఎక్కువ అని ఉంటే సూపర్ కూడా తగ్గించి, గంధకం అవసరమైతే జిప్సం వేయండి.

ఆరు కిలోల నత్రజనికి 13 కిలోల యూరియా. సగం విత్తేటప్పుడు, సగం నెల రోజులకు, ఒత్తు మొక్కలు పీకి కలుపు తీశాక, నేలలో పదును ఉన్నప్పుడు. ఎండిన మట్టి మీద యూరియా చల్లితే కొంత గాలిలో కలుస్తుంది, మిగిలింది తర్వాతి వానకు ఒక్కసారిగా కరిగి మొక్కకు ఆలస్యంగా అందుతుంది. ఆ ఆలస్యమే ప్రమాదం. రెండు నెలలు దాటాక నత్రజని అందితే మొక్క వేరు ఊరడం పక్కనపెట్టి మళ్లీ ఆకు వేస్తుంది. చెరువు మట్టి తోలిన నా చెక్కలో జరిగింది ఇదే. ఆ మట్టిలోని నత్రజని వానలకు నెమ్మదిగా విడుదలవుతూ చివరిదాకా అందుతూనే ఉంది, పైన నా యూరియా ఒకటి.

పొటాష్ ఆకులో తయారైన చక్కెరను వేరుకు చేర్చే పనిలో కావాలి. ఎర్ర నేలల్లో కార్డు మధ్యస్థం అని చూపిస్తే నేను విడిగా వేయను. తక్కువ అంటే ఎకరాకు 15 నుంచి 20 కిలోల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ చివరి దుక్కిలో వేస్తాను. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చవక. కానీ అందులో క్లోరైడ్ ఉంటుంది, ఉప్పు నీళ్ల బోరు ఉన్న చేలకు అది మంచిది కాదు.

ఐదో అడుగు: ఆరు సెంట్లలో సొంత పరీక్ష

ఈ గైడులో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. చేనులో నేల ఒకేలా ఉన్న చోట 5 మీటర్లు పొడుగు, 4 మీటర్లు వెడల్పు మడులు పన్నెండు గుర్తించండి. ఒక్కో మడి 20 చదరపు మీటర్లు, అంటే దాదాపు అర సెంటు. ఎకరాకు వంద సెంట్లు కాబట్టి మడిలో వచ్చింది 200తో గుణిస్తే ఎకరా లెక్క వచ్చేస్తుంది. మధ్య దారులు కాక మడులన్నిటికీ ఆరు సెంట్లు చాలు.

నాలుగు పద్ధతులు, ఒక్కొక్కటి మూడు మడుల్లో. మొదటిది పశువుల ఎరువు మాత్రమే, మడికి 20 కిలోలు. రెండోది దానికి తోడు సూపర్ 310 గ్రాములు. మూడోది దానిపైన యూరియా 65 గ్రాములు, రెండు దఫాలుగా. నాలుగోది యూరియా మాత్రం రెట్టింపు, 130 గ్రాములు. వంటింటి తక్కెడ సరిపోతుంది. యూరియాను గుప్పెడు ఇసుకతో కలిపి చల్లితే సమంగా పడుతుంది. ఏ మడికి ఏ పద్ధతో చీట్లు తీసి నిర్ణయించండి. ఒకే పద్ధతి మూడు మడులూ ఒకే పక్కన వస్తే పల్లానికి పారిన సారాన్ని ఎరువు గొప్పదనం అనుకుంటాం. మడుల మధ్య మూరెడు దారి వదలండి. తవ్వేటప్పుడు అంచు సాళ్లు వదిలేసి లోపలివే తూచండి, ఆ మేరకు విస్తీర్ణం లెక్క సరిచేసుకోండి.

అంకెలు ఎలా చదవాలో ఊహించిన లెక్కతో చూపిస్తాను. రెండో పద్ధతిలో ఎకరాకు ఎండు వేరు 280 కిలోలు, విథనోలైడ్లు 0.50 శాతం అనుకోండి. ఎకరాకు 1.40 కిలోలు. మూడో పద్ధతిలో 320 కిలోలు, 0.47 శాతం. ఎకరాకు 1.50. నాలుగో దాంట్లో 340 కిలోలు, 0.38 శాతం. ఎకరాకు 1.29. బరువు చూస్తే నాలుగోది గెలిచింది, మందు చూస్తే మూడోది. రెండు నుంచి మూడుకు శాతం తగ్గినా మొత్తం పెరిగింది, అంటే అక్కడ ఎక్కువగా జరిగింది పలచబడటం. మూడు నుంచి నాలుగుకు మొత్తమే పడిపోయింది, అక్కడ తయారీయే తగ్గింది. ఇప్పుడు కొనేవాళ్లు "0.50 కంటే తగ్గితే తీసుకోం" అంటే మూడోది కూడా పనికిరాదు, రెండోదే మీ పద్ధతి.

డబ్బు ఆదా కోసం ఒకే పద్ధతి మూడు మడుల పొడీ సమానంగా కలిపి ఒకే నమూనా పంపొచ్చు, పన్నెండు పరీక్షల బదులు నాలుగు. అప్పుడు మడికీ మడికీ తేడా ఎంతో తెలియదు. అలా చేస్తే చిన్న తేడాలను నమ్మకండి.

ఆరో అడుగు: మధ్యలో మొక్కను చూడటం

ముదురు ఆకులు ముందు పసుపైతే నత్రజని లోపం. లేత ఆకులు ముందు పసుపైతే గంధకమో ఇనుమో. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే, లేత ఆకుల్లో ఇనుము, ముదురు ఆకుల్లో మెగ్నీషియం. ఆకు అంచులు కాలినట్టుంటే పొటాష్. రెండు నెలలు దాటిన పెన్నేరులో కింది ఆకులు కాస్త పసుపెక్కాయని టెన్షన్ పడి యూరియా వేయకండి. నాకు అది మంచి గుర్తు.

నేలవేముకు ఈ మాట వర్తించదు. అక్కడ అమ్మేది ఆకు, మందు ఎక్కువగా ఉండేదీ ఆకులోనే, కాడలో తక్కువ. నత్రజని ఆకును పెంచుతుంది కాబట్టి దానికి కొంచెం ఎక్కువ చేతితోనే వేయొచ్చు, కాడ ముదిరి బరువెక్కేదాకా ఆగకుండా పూత మొదలయ్యే దశలో కోయాలి.

ఏడో అడుగు: తవ్వకం, ఆరబెట్టడం, ల్యాబు

విత్తిన 150 నుంచి 180 రోజులకు, ఆకులు ఎండి కాయలు ఎర్రబడ్డాక తవ్వకం. మడులన్నీ ఒకే రోజు తవ్వాలి, లేకపోతే ఎరువు తేడాలో వయసు తేడా కలిసిపోతుంది. తలకాయ దగ్గర కాడను శుభ్రంగా కోసేయండి. ఆకులో విథాఫెరిన్-ఏ వేరులోకన్నా ఎక్కువ. నమూనాలో ఆకు ముక్కలు కలిస్తే అంకె దొంగగా పెరుగుతుంది. సరుకులో ఆకు కలిపే అలవాటు వ్యాపారంలో ముదిరింది కాబట్టే 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ అశ్వగంధ ఆకు వాడొద్దని, వేరు మాత్రమే వాడాలని తయారీదారులకు సూచన ఇచ్చింది.

నమూనాలో లావు వేర్లు, సన్న వేర్లు చేనులో వచ్చిన పాళ్లలోనే ఉండాలి. అందమైన లావు వేర్లు ఏరి పంపితే ల్యాబు చెప్పేది ఆ ఏరిన వేర్ల సంగతి. కడిగి, ముక్కలు చేసి, నీడలో గాలి ఆడేలా ఆరబెట్టి, విరిస్తే పటుక్కుమనేదాకా ఆగాలి.

ల్యాబును మూడు ప్రశ్నలు అడగండి. పద్ధతి ఏది? హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంతో ఒక్కో పదార్థాన్ని విడిగా కొలిస్తే ఒక అంకె వస్తుంది, మొత్తాన్ని తూకం వేసే పాత పద్ధతిలో దానికంటే పెద్ద అంకె వస్తుంది. రెండూ పోల్చకూడదు. మొత్తం విథనోలైడ్లు అంటే ఏయే పదార్థాల కూడిక? తేమ తీసేసిన బరువు మీద లెక్కా, వచ్చింది వచ్చినట్టు బరువు మీదా? 12 శాతం తేమ ఉన్న పొడికీ 6 శాతం ఉన్న పొడికీ తేమ తేడాతోనే అంకె మారుతుంది.

పొడి అంతా ల్యాబుకు ఇవ్వకండి. ప్రతి పద్ధతి నుంచీ వంద గ్రాములు గాజు సీసాల్లో పోసి, మూత మీద పద్ధతి నంబరు, తవ్విన తేదీ రాసి, వెలుతురు పడని చల్లటి చోట పెట్టుకోండి. వచ్చే ఏడు కొత్త నమూనాలతో పాటు వాటిలోంచి రెండో పద్ధతి పొడిని పేరు మార్చి మళ్లీ పంపండి. పాత అంకెకు దగ్గరగా వస్తే ఆ ల్యాబుతోనే కొనసాగండి. చాలా తేడా వస్తే వేరే ల్యాబు చూసుకుని, ఎరువు మార్చే ముందు మిగిలిన సీసాలు అక్కడ పరీక్ష చేయించండి.